అడిగే మనిషి

పాత ప్యానెల్‌ను విప్పే ముందు దాన్ని ఒకసారి చెవులారా వినాలనుకుంది జెసింతా. ల్యాప్‌టాప్ మూసి ఒళ్లో పెట్టుకుని, మిక్సర్ పక్కన ఉన్న ఇనుప బీరువాకు వీపు ఆనించి కూర్చుంది. బీరువా అంటే బీరువానే. ఎత్తూ వెడల్పూ అంతే ఉంటుంది, లోపల చీరలకు బదులు వరసలు వరసలుగా రిలేలు, కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే స్విచ్చులు. సెల్విన్ బటన్ నొక్కాడు. లోపల ఒకచోట టక్కుమంది, ఆగింది, ఇంకోచోట టక్కుమంది. ఆ తర్వాత మట్టి కలిపే మిక్సర్ గుర్రుమంటూ కదిలింది.

"వినబడిందా పాపా?" అన్నాడు సెల్విన్. "ఫస్టు టక్కు కింది బెల్టుది. రెండోది మిక్సర్‌ది. ఇదో, ఇప్పుడు వచ్చిండేది మన్ను పోసే బెల్టుది. ఈ వరస తప్పిందంటే మన్ను పోయి మిక్సర్ గొంతులో కూర్చుంటాది. ఇంగ ఆ పూటంతా గడ్డపార పట్టుకోవల్సిందే."

జెసింతా ఆ వరస ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుంది. బెంగళూరులో ఒక చిన్న ఆటోమేషన్ కంపెనీలో ఉద్యోగం ఆమెది. మాలూరు దగ్గరి ఈ పెంకుల ఫ్యాక్టరీలో పాత బీరువా తీసేసి, దాని స్థానంలో టిఫిన్ డబ్బా అంత పీఎల్‌సీ పెట్టడానికి వచ్చింది. ఇన్నాళ్లూ రిలేలూ వైర్లూ కలిసి చేసిన ఆలోచనంతా ఇకమీదట ఆ డబ్బాలో ప్రోగ్రాంగా ఉంటుంది. వరస మార్చాలంటే స్క్రూడ్రైవర్ పట్టుకుని వైర్లు పీకక్కర్లేదు. తెరమీద ఒక గీత చెరిపి ఇంకో గీత గీస్తే చాలు. షెడ్డు అవతల అద్దాల గదిలో కూర్చుని మౌస్ నొక్కితే ఇక్కడ మిక్సర్ తిరుగుతుంది. టక్కుమనే చప్పుడు కూడా ఉండదు.

చప్పుడే కాదు, సెల్విన్ కూడా ఉండడు. ఆ సంగతి జెసింతాకు తెలుసు, సెల్విన్‌కు తెలియదు. మొదటిరోజే మేనేజర్ కేశవ ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"మీ పని ముగిస్తే సెల్విన్ పనీ ముగిసినట్లే మేడం. ఇప్పుడే ఆయప్పకి చెప్పొద్దండి. మిషన్ గుట్టంతా ఆయప్ప తలకాయలోనే ఉండాది. అంతా మీకు చెప్పేదాకా ఊరికుండండి."

అదీ ఏర్పాటు. మనిషి తలలోంచి పనంతా తోడుకోవడం, తోడడం అయిపోయాక ఆ మనిషిని గేటు బయటికి పంపడం. జెసింతాకు ఇది కొత్త కాదు. ఆమె బిగించిన ప్రతి డబ్బా వెనకా ఎవరో ఒకరు ఇంటికి వెళ్లే ఉంటారు. కానీ వాళ్లెవరూ ఆమెను పాపా అని పిలిచినవాళ్లు కాదు. మారికుప్పంలో రైలెక్కి, తరవాతి స్టేషన్ చాంపియన్‌లో ఎక్కే ఆమె కోసం కిటికీ పక్కన చోటు పట్టి ఉంచినవాళ్లు అంతకన్నా కాదు. సెల్విన్ ఆమె నాన్న అమృతరాజుతో కలిసి కేజీఎఫ్ బంగారు గనిలో పని చేసినవాడు.

పాపం, సెల్విన్ దేన్నీ దాచుకోలేదు. వానల్లో మట్టి జిగటెక్కితే రెండో టైమర్‌ను కాస్త వెనక్కి తిప్పాలని చెప్పాడు. మోటారు మూలిగే తీరు మారితే బ్లేడుకు రాయి తగిలినట్టేనని చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని మొహం వెలిగిపోతూ ఉంది. తన మాట ఒకరు కూర్చుని విని, ఎక్కించుకోవడం అతనికి బతుకులో ఇదే మొదలు. ఆ సంతోషం చూడలేక జెసింతా తెర వైపే చూస్తూ టైపు చేసింది.

మధ్యాహ్నం మిక్సర్ గీకే వేళకు చిక్కమ్మ తాపీ పట్టుకుని వచ్చింది. మాస్తి నుంచి బస్సులో వచ్చే మనిషి ఆమె. పైమూత తెరిచి లోపలికి దిగి, బ్లేడ్లకు గట్టిపడిన మట్టిని గీకడం ఆమె పని. ఆమె కుచ్చిళ్లు ఎగదోపుకుంటుండగానే సెల్విన్ బీరువా తెరిచి ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆమె దిగాక స్పానర్‌తో మిక్సర్ డొక్క మీద మూడు దెబ్బలు కొట్టాడు. లోపలి నుంచి తాపీతో మూడు దెబ్బలు తిరిగి వచ్చాయి. ఫ్యాక్టరీలో ఇంకెక్కడా లేని పద్ధతి అది, గని పద్ధతి. గనిలోకి దించి, పైకి లాగే ఇనుప బోను కేజ్. అడుగున ఉన్నవాళ్లు మూడు బెల్లులు కొడితే, 'కేజ్‌లో మనుషులున్నారు, సరుకు కాదు' అని అర్థం. పైనున్న ఇంజను డ్రైవరు అదే మూడూ తిరిగి కొట్టాకే కేజ్ కదలాలి. సెల్విన్ ఒకప్పుడు ఆ బెల్లు దగ్గరే నిలబడ్డవాడు.

చిక్కమ్మ పని ముగించి బయటికి ఎక్కి వచ్చింది. సెల్విన్ మూత మీదికి వంగి, "లోపల ఇంగెవురన్నా ఉండారా?" అన్నాడు.

"ఉండాడు. నా మొగుడు పండుకోని ఉండాడు," అంది చిక్కమ్మ కాళ్ల మట్టి దులుపుకుంటూ.

రోజూ ఉండే పరాచికమేనట ఇది. సెల్విన్ నవ్వాడు. నవ్వినా సరే, లోపలికి ఒకసారి తొంగి చూసి, ఆ తర్వాతే జేబులోంచి ఫ్యూజు తీసి పెట్టాడు.

"ఇది గూడా ఎక్కించుకున్నావా పాపా?"

"ఎక్కించుకుంటా మామా," అంది జెసింతా. దాన్ని ప్రోగ్రాంలో ఎలా రాయాలో ఆమెకు తోచలేదు.

*

గనులు మూతపడ్డాక కేజీఎఫ్ జనానికి మిగిలిన గని ఆ రైలే. తెల్లారకముందే అందులో దిగి, చీకటి పడే వేళకు బయటికి వస్తారు. టేకల్ దాటాక కాస్త చోటు దొరికితే సెల్విన్ ఆమె ఎదురుగా సర్దుకుని కూర్చున్నాడు.

"కొత్త మిషన్ వస్తే నాకి గూడా ఆ గ్లాసు రూములో కుర్చీ వేస్తారేమో," అన్నాడు. "ఏసీ అంట గదా. ఆ మౌసు పట్టుకునేది నాకి కొంచెం నేర్పియ్యి పాపా. కేశవ సారు అడిగితే తెల్లమొగం వేసేది బాగుండదు."

జెసింతా కిటికీలోంచి బయటికి చూసింది. చెప్పేద్దామా అనుకుంది. బంగారుపేట వచ్చింది, పోయింది.

ఇంటికి చేరి చెప్పులు విడుస్తుండగా నేల ఒకసారి వణికింది. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. గనులు మూతపడి పదేళ్లు దాటినా కింద నేల ఇంకా కుదురుకోలేదు. పంపులు ఆపేశాక సొరంగాల నిండా నీళ్లు చేరాయి. ఆ అడుగున ఎప్పుడో ఒకసారి ఏదో రాయి పగులుతుంది, పైన ఇళ్లు ఉలిక్కిపడతాయి. అమ్మ జూలియా ఎప్పటిలాగే చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వెళ్లి, గని షాఫ్టు మీది తుప్పు పట్టిన ఇనుప గోపురం వైపు చూస్తూ నిలబడింది.

"సైరన్ కూయలే. ఎవురికీ ఏం కాలే," అని లోపలికి వచ్చింది.

ఆ సైరన్ విప్పి ఇనుప సామాన్లవాళ్లు ఎప్పుడో తీసుకుపోయారు. అమ్మకు ఆ మాట ఎవరు చెప్పినా తలకెక్కదు.

జెసింతా గోడకు ఆనుకుని అన్నం తింటోంది. వీపు వెనక గోడలో మూడు దెబ్బలు వినిపించాయి. వినిపించాయో, అనుకుందో ఆమెకే తెలియదు. చిన్నప్పటి నుంచీ ఉన్నదే ఇది. నాన్న కేజ్‌లోకి ఒక కాలు పెట్టి, ఇంకో కాలు ఎత్తబోతుండగా, ఆయన కొట్టాల్సిన మూడు బెల్లులూ పై సొరంగంలో ఇంకెవరో కొట్టేశారు. షిఫ్టు అయిపోయింది, ఇంటికి పోయే తొందర. డ్రైవరు జవాబు కొట్టాడు, కేజ్ కదిలింది. నాన్న బతకలేదు. ఎవరి తప్పూ కాదన్నారు. జెసింతా సగం అన్నం వదిలేసి కంచంలో నీళ్లు పోసేసింది.

మర్నాడు పొద్దున్నే ఆమె కేశవ గదికి వెళ్లింది. "మిక్సర్ పక్కన లైటు వెలిగే బటన్ ఒకటి పెడతాను సార్. నేను స్టార్ట్ అడిగితే లైటు ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటుంది. అక్కడున్న మనిషి చూసి, లోపల ఎవరూ లేరని బటన్ నొక్కాలి. ఆ జవాబు వస్తేనే ప్రోగ్రాం మోటారు తిప్పుతుంది."

"దానికోసం ఒక మనిషిని పెట్టల్లనా?"

"పెట్టాలి. రూలు."

అలాంటి రూలేదీ లేదని ఆమెకు తెలుసు. ఇంకొకటి కూడా తెలుసు. జవాబు చెప్పాల్సింది లోపలికి దిగిన మనిషి. బయట నిలబడ్డవాడు కాదు. గనివాళ్ల ఇంట్లో పుట్టి ఆ మాత్రం తెలియక కాదు. కానీ బటన్‌ను మూత దగ్గర పెడితే చిక్కమ్మే నొక్కుకుంటుంది, సెల్విన్‌తో పనుండదు. అందుకని బయటే బిగించింది. కేశవ మూతి ముడిచి, చివరికి ఒప్పుకున్నాడు. సెల్విన్ ఆ బటన్‌ను చొక్కా కొసతో తుడిచి చూసుకున్నాడు. ఆ రోజు జెసింతాకు కడుపు నిండినట్టయింది.

బీరువాను, సెల్విన్ పీకే ఫ్యూజుతో సహా, నలుగురు మోసి బయట పడేశారు. అది ఉన్నచోట నేల మీద నలుచదరంగా తెల్లటి మచ్చ మిగిలింది. మిక్సర్ చప్పుడు లేకుండా మొదలైనప్పుడల్లా షెడ్డులో జనం ఉలిక్కిపడి ఆ మచ్చ వైపు చూసేవాళ్లు.

*

కొత్త ప్యానెల్‌కు పూజ పెట్టుకున్నారు. ఓనర్లు వస్తున్నారని కేశవ పొద్దున్నుంచీ కాలు నిలవకుండా తిరుగుతున్నాడు. జెసింతా అద్దాల గదిలో కూర్చుంది. ఓనర్ల కారు గేటు దగ్గరికి వచ్చిందని, మిషన్ స్టార్ట్ చేయమని ఫోను వచ్చింది. చిక్కమ్మ లోపల గీకుతూ ఉంటుందని ఆమెకు తెలుసు. ఐనా భయమేముంది? చిక్కమ్మ బయటికి వచ్చేదాకా సెల్విన్ నొక్కడు. ఆమె మౌస్ నొక్కి, వేచి చూసింది.

కాసేపటికి తెర మీద జవాబు ఆకుపచ్చగా వెలిగింది. మిక్సర్ గుర్తు తిరగడం మొదలైంది. అద్దాల గదిలోకి ఏ చప్పుడూ రాదు.

ఆమె తలెత్తి అద్దంలోంచి చూసింది. సెల్విన్ కనిపించాడు. ఆఫీసు వైపు నుంచి, రెండు చేతుల్లో రెండు కుర్చీలతో, మెల్లగా నడిచి వస్తున్నాడు.

మరి జవాబు చెప్పింది ఎవరు?

ఆమె మిషన్ ఆపే ఎర్ర బటన్ మీద అరచేత్తో గుద్దింది. కుర్చీ తన్నుకుని లేచి పరుగెత్తింది. అక్కడికి చేరేసరికి చిక్కమ్మ మూత అంచు మీద వేలాడుతోంది. ఒక కాలు బయట, ఒక కాలు ఇంకా లోపల. తాపీ వంకరపోయి బ్లేడ్ల మధ్య ఇరుక్కుంది. ఒక చెప్పు కనబడలేదు. జనం ఆమెను చంకల కింద పట్టి బయటికి లాగారు. ఆమె ఏడవలేదు, అరవలేదు. మట్టి అంటిన తన రెండు పాదాలనూ మార్చి మార్చి తడుముకుంటూ కూర్చుంది.

బటన్ పక్కన కేశవ హారతి పళ్లెంతో నిలబడి ఉన్నాడు.

"లైటు ఊరికే కొట్టుకుంటా ఉండె. నొక్కినా," అన్నాడు చిన్నగా. అంతలో ఓనర్లు షెడ్డులో అడుగు పెట్టారు. కేశవ గొంతు మారిపోయింది. "ఏమయ్యా సెల్విన్! నీ జాగా వదిలేసి యాడికి పోయినావు?"

"మీరే గద సార్ కుర్చీలు తెమ్మనింది."

"తెమ్మంటే? బటన్ నీ బాధ్యత కాదా?"

సెల్విన్ చేతుల్లో కుర్చీలు ఇంకా అలాగే ఉన్నాయి. ఎక్కడ దించాలో తెలియక వాటిని పట్టుకునే నిలబడ్డాడు. జెసింతా ఓనర్ల వైపు తిరిగి, "తప్పు ఆయనది కాదు. బటన్ ఉండాల్సిన చోట లేదు. పెట్టింది నేను," అంది. వాళ్లు ఆమెను, చిక్కమ్మను, గడియారాన్ని చూశారు. ఉండాల్సిన చోటికి మార్చమని చెప్పి పూజకు కూర్చున్నారు.

ఆ సాయంత్రం రైల్లో సెల్విన్ బంగారుపేటలో జనం దిగాక ముందుకు వంగాడు.

"బటన్‌ని మారుస్తావా పాపా?"

"మార్చల్ల మామా. మూత దగ్గర తాళం పెడతా. చెవి చిక్కమ్మ చేతిలో ఉంటాది."

"అట్లయితే నాతో పనేముంది?"

ఆ మాట అంటుండగానే అతనికి అంతా అర్థమైపోయింది. పెద్దమనిషి, చిన్నపిల్లాడిలా ఆమె చేయి పట్టుకున్నాడు.

"నాకాడే ఉండనీ పాపా. ఇంగ యాడికీ కదలను. ఎవురు పిలిచినా పోను, నీళ్లు తాగేదానికి గూడా పోను. నువ్వు రాస్తే అయిపోతాది గద. నీ చేతిలో పనే గద అది."

అతన్ని అలా చూడటం ఆమె వల్ల కాలేదు. ఔననేస్తే సరిపోతుంది. ఒక్క మాట. అతను నిజంగానే కదలడు, కొన్నాళ్లు. తర్వాత ఏదో ఒకరోజు జ్వరం వస్తుంది, లేదా ఎవరో కుర్చీలు తెమ్మంటారు.

"మా నాయన బదులు ఇంగొకరు బెల్లు కొట్టినారు గదా మామా," అంది.

సెల్విన్ చేయి వదిలేశాడు. మారికుప్పం దాకా పోవాల్సినవాడు, చాంపియన్‌లోనే ఆమె వెనక దిగి, పట్టాల పక్కనే నడుచుకుంటూ పోయాడు. ఆ రాత్రి గోడలోంచి ఏ దెబ్బలూ వినిపించలేదు. వినిపించి ఉంటే బాగుండేదని ఆమెకు మొదటిసారి అనిపించింది.

*

మర్నాడంతా జెసింతా తాళం పని చేసింది. మూత పక్కన తాళంచెవితో తిరిగే స్విచ్ ఒకటి బిగించి, బటన్ తీసేసి, లైటును కూడా అక్కడికే మార్చింది. చెవిని ఆ స్విచ్‌లోంచి తీస్తేనే దాంతో మూత తెరుచుకుంటుంది. తీసిన క్షణం మోటారుకు కరెంటు తెగిపోతుంది. మళ్లీ మూత వేసి, చెవిని స్విచ్‌లో పెట్టి తిప్పేదాకా ప్రోగ్రాం ఎంత గింజుకున్నా మోటారు కదలదు. ప్రోగ్రాంను నమ్మి జీతం తీసుకునే మనిషి, ప్రోగ్రాం చేయి పడని చోట ఆ వైరు కలిపింది. చిక్కమ్మ చెవికి నల్లదారం కట్టి మెడలో వేసుకుంది.

కేశవ వచ్చి అంతా చూశాడు. "అంటే ఇంగ ఈడ మనిషి అక్కర్లే గదా?"

"తాళానికైతే అక్కర్లేదు," అంది జెసింతా.

ఆ తర్వాతి రోజు పొద్దున గేటు దగ్గరే సెల్విన్‌కు ఆ మాట చెప్పేశారు. అతను లోపలికి వచ్చి తన స్పానర్, టవలు తీసుకున్నాడు. చిక్కమ్మతో ఏదో చెప్పాడు. అద్దాల గది వైపు చూడలేదు. మధ్యాహ్నం బండి పట్టుకోవాలని మాలూరు స్టేషన్‌కు నడుచుకుంటూ వెళ్లిపోయాడు. జెసింతా అతని వీపు కనబడినంతసేపూ చూసింది. పరుగెత్తి వెళ్లి ఏం చెప్పాలి? చెప్పడానికి ఏముంది?

కాసేపటికి మిక్సర్ గీకడం అయిపోయి ఉంటుందని ఆమె స్టార్ట్ నొక్కింది. మూత దగ్గర లైటు కొట్టుకోసాగింది. జవాబు రాలేదు. మళ్లీ నొక్కింది. రాలేదు. మొన్నటి భయంతో ఆమె షెడ్డులోకి పరుగెత్తింది.

చిక్కమ్మ క్షేమంగా ఉంది. మూత శుభ్రంగా వేసి ఉంది. ఆమె మూత పక్కన గట్టు మీద కాళ్లు చాపుకుని, సద్ది డబ్బా తెరిచి రాగిముద్ద తింటోంది. తాళంచెవి మెడలోనే ఉంది. నెత్తి మీద లైటు కొట్టుకుంటూనే ఉంది.

"చిక్కమ్మా, పని కాలేదా?"

"ఎప్పుడో అయింది."

"మరి చెవి పెట్టి తిప్పలేదే?"

"ఎవురు అడిగినారు నన్ని?"

"లైటు వెలగతా ఉండాది గదమ్మా."

చిక్కమ్మ ముద్దను పులుసులో అద్ది మింగి, అప్పుడు తలెత్తింది. "దీపం అడిగితే నేను చెప్తానా? మొన్న గూడా దీపమే గద అడిగింది. అడిగేది మనిషై ఉండల్ల. నేను లోపల ఉండానని తెలిసిన మనిషి. నేను కాలు జారి లోపలే పడి ఉంటే, ఈ దీపం వంగి చూస్తాదా?"

బెల్టులన్నీ ఆగిపోయాయి. పెంకులు ఒత్తేవాళ్లు చేతులు కట్టుకుని చుట్టూ చేరారు. కేశవ పరుగున వచ్చాడు.

"ఏమ్మా ఇది? నేను అడగతా ఉండా గద. అయిందా? ఇంగ తిప్పు."

"ఈ పొద్దు అడగతావప్పా. రేపు? నేను దిగినప్పుడంతా వచ్చి నిలబడుకుంటావా? మూతలోకి వంగి చూస్తావా?"

కేశవ తన తెల్లచొక్కా వైపు చూసుకున్నాడు. ఆమె మెడలోని చెవి వైపు చూశాడు. ఇంతమందిలో ఆడమనిషి మెడలోది లాక్కోలేడు కదా. జెసింతాను పక్కకు పిలిచాడు.

"మేడం, ఆ తాళం లేకుండా తిరిగేటట్లు ప్రోగ్రాంలో మార్చేయండి. మీకి నిమిషం పని."

"ఆ తాళం నా ప్రోగ్రాంలో లేదు సార్," అంది జెసింతా. "ఆమె మెడలో ఉండాది."

కేశవ ఇంకేదో అనబోయి, ఆగిపోయిన బెల్టులను, కొలిమి వైపు ఖాళీగా నిలబడ్డ తోపుడుబండ్లను చూశాడు. జేబులు తడుముకుని స్కూటర్ తాళం తీశాడు. "ఆయప్ప స్టేషన్‌లోనే ఉంటాడా?" అని ఎవరినో అడుగుతూ గేటు వైపు నడిచాడు.

స్కూటర్ చప్పుడు రోడ్డెక్కేదాకా జెసింతా చెవి రిక్కించి వింది. తర్వాత చిక్కమ్మ పక్కన గట్టు మీద కూర్చుంది. చిక్కమ్మ డబ్బా మూతలో సగం ముద్ద పెట్టి ఆమె ముందుకు జరిపింది.

"రైలు వెళ్లిపోయి ఉంటే?" అంది జెసింతా.

"పోనీ. రేపు పొద్దున ఇంగో రైలు వస్తాది గద," అంది చిక్కమ్మ. "అందాకా నేను ఈడే కూర్చోనుంటా. నువ్వు తిను."